రెండో ప్రశ్న

నాగర్‌కోవిల్ రైల్వే జంక్షన్ ఉన్న పేట పేరు కోట్టార్. అక్కడ సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ పేరుతో ఒక పాత చర్చి ఉంది. తమిళంలో సవేరియార్ కోవిల్ అంటారు. ప్రతి సంవత్సరం డిసెంబర్ 3న ఆ చర్చి పండగకు కన్యాకుమారి జిల్లా అంతటికీ సెలవు ఇస్తారు. ఆ చర్చి లోపల, బలిపీఠానికి దగ్గరలో ఒక సమాధి ఉంది. అందులో ఉన్న మనిషిని 1752 జనవరి 14న తుపాకులతో కాల్చి చంపారు. ఆయన పేరు దేవసహాయం.

ఈ పేరు మనకేమీ కొత్త కాదు. తెలుగు క్రైస్తవుల ఇళ్లలో కూడా ఈ పేరున్న తాతయ్యలు ఉంటారు. తమిళంలోనూ, మలయాళంలోనూ, తెలుగులోనూ ఒకటే మాట, ఒకటే అర్థం. అందుకేనేమో ఆ సమాధి దగ్గర నిలబడినప్పుడు ఎవరో పరాయి మనిషి సమాధి దగ్గర ఉన్నట్టు నాకు అనిపించలేదు.

మేము క్రైస్తవులం కాము. నేను అక్కడికి భక్తితో వెళ్లలేదు. మా పెదనాన్న వాళ్లు కోవిల్‌పట్టిలో ఉంటారు. కడలై మిఠాయి తయారుచేసే చోట ఆయన లెక్కలు చూస్తారు. పోయిన డిసెంబర్‌లో అర్ధ సంవత్సర పరీక్షల సెలవులకు నేను చెన్నై నుంచి వాళ్లింటికి వెళ్లాను. నాగర్‌కోవిల్ అంగళ్లలో బాకీ వసూలు చేయడానికి పెదనాన్న బయలుదేరుతుంటే, "నువ్వూ రా తల్లీ, ఊరు చూసినట్టుంటుంది" అని నన్ను కూడా తీసుకెళ్లారు.

రైలులో మేమిద్దరం తెలుగులో మాట్లాడుకుంటున్నాం. ఎదురు సీటులో ఉన్న ఒక పెద్దావిడ మా మాటలు విని ఎంతో సంతోషపడింది. "మీరు తెలుగోళ్లా? మేమూ తెలుగోళ్లమే" అంది. ఆమె తెలుగు మా పెద్దమ్మ తెలుగు లాగే ఉంది, సగం మాటలు తమిళం. సంచిలోంచి మురుకులు తీసి నా చేతిలో పెట్టింది. మనకు మన భాష వినబడితే ఎంత సంతోషమో ఈ పత్రిక చదివే అందరికీ తెలుసు. బస్సులో, ఆస్పత్రి వరుసలో, రేషన్ అంగడిలో ఎక్కడ తెలుగు వినబడినా మన చెవి అటు తిరుగుతుంది.

ఒక అయిదు నిమిషాలు అయ్యాక ఆమె అడిగింది: "మీరేమోళ్లు?"

పెదనాన్న "కోవిల్‌పట్టి వాళ్లం" అన్నారు. "ఊరు కాదయ్యా, మీరేమోళ్లు అంటున్నా" అని ఆమె మళ్లీ అడిగింది. పెదనాన్న నవ్వి కిటికీలోంచి బయటకు చూపించారు. "అదిగో తల్లీ, గాలిమరలు. ఆరల్‌వాయ్‌మొళి వస్తోంది" అన్నారు. ఆమె ఇంకేమీ అడగలేదు. మాట కూడా అక్కడితో ఆగిపోయింది.

ఆరల్‌వాయ్‌మొళిలో కొండల మధ్య గాలి బాగా వీస్తుంది. లెక్కలేనన్ని గాలిమరలు తిరుగుతూ కనిపిస్తాయి. ఆ కొండల్లో ఒకదాని మీదే దేవసహాయాన్ని చంపారని అప్పుడు నాకు తెలియదు.

నాగర్‌కోవిల్‌లో పెదనాన్న పని రెండు గంటల్లో అయిపోయింది. రైలుకు ఇంకా టైము ఉంది. ఆయనకు బాగా పరిచయమున్న ఒక అంగడాయన మమ్మల్ని చర్చికి తీసుకెళ్లాడు. బయట ఎండ, బజారు రద్దీ. లోపల చల్లగా ఉంది. సమాధి దగ్గర కొందరు మోకాళ్లూని ప్రార్థన చేస్తున్నారు. ఒక ముసలాయన చేత్తో దాన్ని తాకి కళ్లకు అద్దుకున్నాడు, మనం గుడిలో గడపను తాకి అద్దుకున్నట్టే. మేము ఒక పక్కన కూర్చున్నాం. అంగడాయన మెల్లగా తమిళంలో కథ చెప్పాడు. చెన్నైకి తిరిగొచ్చాక నేను చదివి తేదీలు సరిచూసుకున్నాను.

దేవసహాయం 1712 ఏప్రిల్ 23న నట్టాలం అనే ఊళ్లో పుట్టారు. అప్పుడు పెట్టిన పేరు నీలకంఠ పిళ్లై. ఆ ప్రాంతమంతా అప్పుడు తిరువాంకూరు రాజ్యంలో ఉండేది. (కన్యాకుమారి జిల్లా మన రాష్ట్రంలో కలిసింది 1956 నవంబర్ 1న. ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది కూడా అదే రోజు.) ఆయనది పెద్ద కులం, కలిగిన ఇల్లు. పద్మనాభపురంలో మార్తాండవర్మ మహారాజు కొలువులో అధికారిగా ఉండేవారు. భార్య పేరు భార్గవి.

1741లో కొలచెల్ దగ్గర జరిగిన యుద్ధంలో మార్తాండవర్మ సైన్యం డచ్చివాళ్లను ఓడించింది. పట్టుబడిన వాళ్లలో డి లనాయ్ అనే ఆయన ఉన్నాడు. తరువాత ఆయన మహారాజు దగ్గరే చేరి, సైన్యానికి యూరప్ పద్ధతిలో తర్ఫీదు ఇచ్చి పెద్ద సేనాపతి అయ్యాడు. నీలకంఠానికి ఆయనతో స్నేహం కుదిరింది. ఆ రోజుల్లో నీలకంఠం ఇంట్లో పశువులు చనిపోయి, పంటలు పోయి, వరసగా నష్టాలు వచ్చాయట. ఆ బాధలో ఉన్నప్పుడు డి లనాయ్ ఆయనకు బైబిల్లోని యోబు కథ చెప్పాడు. అన్నీ పోగొట్టుకున్నా నమ్మకం పోగొట్టుకోని మనిషి కథ అది. అక్కడి నుంచి ఆయన మనసు మారింది. 1745 మే 14న వడక్కన్‌కుళం అనే ఊళ్లో బాప్తిస్మం తీసుకున్నారు. లాజరు అని పేరు పెట్టారు. లాజరు అంటే దేవుడు సహాయం చేసినవాడు అని అర్థం. ఆ అర్థాన్నే తమిళంలో దేవసహాయం అన్నారు. తరువాత ఆయన భార్య కూడా బాప్తిస్మం తీసుకుని జ్ఞానప్పూ అయ్యింది. జ్ఞానం అనే పువ్వు!

బాప్తిస్మం తీసుకున్నాక ఆయన అందరితో కలిసి తిరగడం మొదలుపెట్టారు. ఎవరిని దగ్గరకు రానివ్వకూడదని అప్పటి కట్టుబాటు చెప్పిందో వాళ్లతోనే సమానంగా మెలిగారు. కొలువులో ఉన్న పెద్దవాళ్లకు కోపం వచ్చింది. 1749 ఫిబ్రవరిలో ఆయనను పట్టుకుని బేడీలు వేశారు. అక్కడి నుంచి చనిపోయే దాకా, దాదాపు మూడేళ్లు ఆయన ఖైదీ.

మన వైపు గాడిద మీద ఊరేగించడం అంటారు కదా. ఆయనను దున్నపోతు మీద వెనక్కి తిప్పి కూర్చోబెట్టి, మెడలో జిల్లేడు పూల దండ వేసి ఊరూరా తిప్పారని చెబుతారు. కొట్టారు. గాయాలకు కారం పూశారు. పెరువిళై అనే చోట వేపచెట్టుకు కట్టి ఉంచారు. అక్కడికి కూడా జనం ఆయన మాటలు వినడానికి వచ్చేవారట. చివరికి ఆరల్‌వాయ్‌మొళి దగ్గర కొండ మీదికి తీసుకెళ్లి కాల్చేశారు. శరీరాన్ని అడవిలో పడేశారు. కొన్ని రోజుల తరువాత మిగిలిన ఎముకలను ఏరి కోట్టార్ చర్చికి తెచ్చి పూడ్చిపెట్టారు. అప్పటికి ఆయన వయసు 39. మా నాన్న కంటే చిన్నవాడు.

తిరువాంకూరు రాజులు మతం కోసం ఎవరినీ చంపించలేదని, ఆయనను శిక్షించింది వేరే కారణాలకని వాదించే చరిత్రకారులు ఉన్నారు. అది కూడా రాయాలి. చర్చి మాత్రం చాలా ఏళ్లు విచారించి, విశ్వాసం కోసమే చనిపోయారని నిర్ణయించింది. 2022 మే 15న రోములో పోప్ ఫ్రాన్సిస్ ఆయనను సెయింట్‌గా ప్రకటించారు. ఫాదరీ కాకుండా, మామూలు సంసారిగా ఉండి ఆ గౌరవం పొందిన మొదటి భారతీయుడు ఆయనే. ఈ వాదం తేల్చేంత చదువు నాకు లేదు. నా మనసులో నిలిచింది వేరే సంగతి, ఆయన పేరు సంగతి.

సెయింట్‌గా ప్రకటించడానికి ముందు పుస్తకాల్లోనూ, ప్రకటనల్లోనూ ఆయన పేరు "దేవసహాయం పిళ్లై" అని ఉండేది. పిళ్లై అనేది కులాన్ని చెప్పే మాట. కులం వదిలిపెట్టి చనిపోయిన మనిషికి మళ్లీ కులం తోక తగిలించడం న్యాయం కాదని కొందరు వాటికన్‌కు విన్నవించుకున్నారు. వాటికన్ ఆ మాట ఒప్పుకుని పిళ్లై తీసేసింది. 2022లో రోములో చదివిన పేరు లాజరు, అంటే దేవసహాయం. అంతే.

అంగడాయన ఈ ముక్క చెప్పినప్పుడు పెదనాన్న నా వైపు చూశారు. నాకు రైలులో పెద్దావిడ గుర్తొచ్చింది. బహుశా ఆయనకూ గుర్తొచ్చి ఉంటుంది.

ఒక మనిషి తన కులాన్ని 1745లో వదిలేశాడు. దాని కోసం కూడా దెబ్బలు తిన్నాడు. ప్రాణం పోయింది. అయినా ఆ మాట ఆయన పేరు వెనకాల ఇంకో 270 ఏళ్లు నడిచి వచ్చింది. శత్రువులెవరో తగిలించింది కూడా కాదు. ఆయనంటే ప్రేమ ఉన్నవాళ్లే, గౌరవంగానే అలా రాసుకున్నారు.

ఇంకో సంగతి కూడా చదివాను. దేవసహాయం బాప్తిస్మం తీసుకున్న వడక్కన్‌కుళం ఊళ్లోనే 1872లో ఒక పెద్ద చర్చి కట్టారు. దాని లోపల రెండు మంటపాలు, మధ్యలో గోడ. ఒక కులం వాళ్లు ఒక పక్క, ఇంకో కులం వాళ్లు ఇంకో పక్క. రెండు పక్కల వాళ్లకూ బలిపీఠం కనిపించేది. ఒకరికొకరు కనిపించేవాళ్లు కాదు. 1910లో ఆ గోడ పగలగొట్టించారు. దాని మీద కోర్టు దాకా వెళ్లారు. జ్ఞానప్పూ సమాధి ఉన్నది ఆ ఊరి శ్మశానంలోనే. మతం మారినా, దేవుడు మారినా ఆ ఒక్క ప్రశ్న మారలేదు: మీరేమోళ్లు?

ఇదంతా మనకెందుకు అని మీరు అడగవచ్చు. మా నాయనమ్మ కూడా అదే అడిగింది. అందుకే నా స్నేహితురాలి గురించి రాస్తున్నాను.

ఆమె నా తరగతే. మా తరగతిలో తెలుగు అందరికంటే బాగా చదువుతుంది. పద్యం అప్పజెప్పమంటే ఒక్క తప్పు కూడా రాదు. కానీ బడి గేటు దాటగానే తమిళంలోకి మారిపోతుంది. నేను తెలుగులో మాట్లాడితే కూడా తమిళంలోనే జవాబు ఇస్తుంది. చాలా రోజులు నాకు కారణం తెలియలేదు. కోట్టార్ నుంచి వచ్చాక ఈ కథంతా ఆమెకు చెబితే, అప్పుడు చెప్పింది.

ఆమె ఆరో తరగతిలో ఉన్నప్పుడు వాళ్లమ్మతో కలిసి ఒక ఇంటికి వెళ్లింది. ఆ ఇంటివాళ్లు తెలుగువాళ్లు. ఈ పిల్ల చక్కగా తెలుగు మాట్లాడుతుంటే ముచ్చటపడి కూర్చోబెట్టి, స్టీలు గ్లాసులో కాఫీ పోశారు. తరువాత ఆ రెండో ప్రశ్న అడిగారు. వాళ్లమ్మ నిజం చెప్పింది. ఎవరూ ఏమీ అనలేదు. కసురుకోలేదు, పొమ్మనలేదు. కాఫీ తాగాక ఆ ఇంటావిడ, "గ్లాసు కడిగి అక్కడ బయట పెట్టు పాపా" అంది. అక్కడే ఉన్న ఇంకో పిల్ల గ్లాసు మాత్రం తనే తీసుకుని వంటింట్లో పెట్టింది.

"తమిళంలో మాట్లాడితే ఎవరూ అడగరు. తెలుగులో మాట్లాడితేనే అడుగుతారు" అని నా స్నేహితురాలు అంది.

తమిళంలో మాట్లాడితే ఎవరూ అడగరన్నది ఎప్పుడూ నిజం కాకపోవచ్చు. ఆమె అనుభవం మాత్రం అది. 1929లో చెంగల్పట్టులో జరిగిన ఆత్మగౌరవ మహాసభలో పేరు చివర కులం మాట వదిలేయాలని తీర్మానం చేశారు. అందుకే ఇప్పుడు ఈ రాష్ట్రంలో చాలామందికి పేరు, ముందర ఒక ఇనీషియల్, అంతే. మా తరగతి హాజరు పట్టీలో కూడా అలాగే ఉంటుంది. పేరులో నుంచి పోయింది, నిజమే. నోట్లో నుంచి ఇంకా పోలేదు.

మన బడుల్లో పిల్లలు తగ్గిపోతున్నారని, తెలుగు మాట్లాడేవాళ్లు తగ్గిపోతున్నారని ప్రతి సభలోనూ పెద్దలు బాధపడతారు. ఉద్యోగాలు లేవని, పుస్తకాలు ఆలస్యంగా వస్తాయని, తల్లిదండ్రులు ఇంగ్లీషు మీడియం వైపు చూస్తున్నారని కారణాలు చెబుతారు. అవన్నీ నిజమే. నా స్నేహితురాలు చెప్పిన కారణం మాత్రం నేను ఏ సభలోనూ వినలేదు. మొదటి ప్రశ్నతో మనం ఒక మనిషిని దగ్గరకు పిలుస్తాం, మీరు తెలుగువాళ్లా అని. రెండో ప్రశ్నతో అదే మనిషిని గుమ్మం దగ్గర నిలబెడతాం. అలా నిలబడ్డవాళ్లు మళ్లీ ఆ భాషలో ఎందుకు మాట్లాడతారు?

నాయనమ్మతో ఈ మాట అంటే ఆమె వెంటనే ఒప్పుకోలేదు. "ఊరుగాని ఊరు వచ్చినాము. మనోళ్లెవరో తెలుసుకోకుంటే ఎట్లా? పెండ్లి పేరంటాలకు, చావుకు పుట్టుకకు ఎవరొస్తారు?" అంది. ఆమె మాటలో కూడా నిజం ఉంది. తాతయ్య వాళ్లు చెన్నైకి వచ్చిన కొత్తలో వీళ్లకు ఇల్లు చూపించింది, పని ఇప్పించింది కులం వాళ్లే. అది ఆమె మరిచిపోలేదు. మరిచిపొమ్మని నేను కూడా అనలేదు. "మరి మనోళ్లు అంటే తెలుగోళ్లు కాదా నాయనమ్మా?" అని మాత్రం అడిగాను. ఆమె జవాబు చెప్పలేదు. బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ కూర్చుంది. కాసేపయ్యాక, "ఆ పిల్లను ఒక రోజు ఇంటికి పిలుచుకొని రా" అంది.

సంక్రాంతి అయిన తరువాతి ఆదివారం ఆమె మా ఇంటికి వచ్చింది. నాయనమ్మ అరిసెలు పెట్టింది. ఏ ఊరు, ఎంతమంది పిల్లలు, అమ్మ ఏం పని చేస్తుంది అని అన్నీ అడిగింది. ఒకసారి ఏదో అడగబోయి ఆగిపోయింది. ఏమిటో నాకు తెలుసు. నా స్నేహితురాలికి కూడా తెలుసు. డెబ్బై ఏళ్లు దాటిన మనిషికి అలా ఆగడం చిన్న పని కాదని నేను అనుకుంటున్నాను. వెళ్లేటప్పుడు గ్లాసులన్నీ అమ్మ ఒకేసారి తీసుకెళ్లి తొట్టిలో వేసింది.

మనలో ఎవరూ దేవసహాయం లాగా దున్నపోతు మీద ఊరేగనక్కరలేదు, కొండ మీద నిలబడనక్కరలేదు. ఎవరి మతం వాళ్లదే. ఆయన సమాధి దగ్గర నేను తెచ్చుకున్నది ఒక చిన్న లెక్క. ఒక తోక మాటను పేరు నుంచి తీసేయడానికి 270 ఏళ్లకు పైగా పట్టింది. మనం అడగకుండా ఉండటానికి ఎంతసేపు పడుతుంది?

కన్యాకుమారికి వెళ్లేవాళ్లు చాలామంది నాగర్‌కోవిల్ మీదుగానే వెళతారు. రైలు ఆరల్‌వాయ్‌మొళి దాటేటప్పుడు గాలిమరల వెనక ఉన్న కొండలను చూడండి. వీలైతే కోట్టార్‌లో దిగి ఆ సమాధి చూడండి. ఉదయగిరి కోటలో డి లనాయ్ సమాధి కూడా ఉంది. దాని మీద లాటిన్‌లోనూ, తమిళంలోనూ రాసి ఉంటుంది. ఒక ఖైదీ సేనాపతిగా చనిపోయాడు. ఆ సేనాపతి మాట విన్న అధికారి ఖైదీగా చనిపోయాడు. ఇద్దరి సమాధులూ ఒకే జిల్లాలో ఉన్నాయి.

ఈ వ్యాసం రాసి ముందుగా నా స్నేహితురాలికే ఇచ్చాను. ఆమె సరేనంటేనే పత్రికకు ఇవ్వాలని అనుకున్నాను. ఆమె రెండుసార్లు చదివింది. మూడు చోట్ల ఒత్తులు దిద్దింది. "నా పేరు వెయ్యొద్దు" అంది. వెయ్యలేదు. ఆ మాట ఆమె బడి గేటు బయట, బస్టాపులో నిలబడి, తెలుగులోనే అంది.